కంపైలరు పరీక్షలు – సమాంతర గణనము

కంప్యూటరు శాస్త్రం అభ్యసించే విద్యార్థులు కంపైలరు అనే మాటను మొదటి సంవత్సరంలోనే వింటారు. మనుష్యుడు చదవగల భాషలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రం ఆచరించగల ఆదేశాలుగా మార్చే అనువాదకుడే కంపైలరు అనే నిర్వచనాన్ని కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు పొంది, అంతటితో దానిని మరచిపోవడం కూడా కద్దు. అయితే ఆ అనువాదకుడే పొరపడితే ఏమవుతుంది? ప్రోగ్రాము వ్రాసినవాడు తన వ్రాతను పదిసార్లు సరిచూచుకొంటాడు. అందులో తప్పు దొరకదు. తప్పు అనువాదంలో ఉన్నది కదా! అందువల్ల కంపైలరును నిర్మించేవారు దానిని నిరంతరం పరీక్షిస్తూ ఉంటారు. ఆ పరీక్షలలో ఒకటి తప్పినపుడు ఏమి చేయవలెను, ఏమి చేయకూడదు అనే విషయాన్ని, విశేషించి అనేక ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే సమాంతర గణనానికి అన్వయించి, ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

దీనివల్ల మనకేమి అని అడిగేవారు మన గోదావరిని తలచుకోవలెను. భద్రాచలం వద్ద నదీమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, 48 వద్ద రెండవది, 53 వద్ద మూడవది ఇస్తారన్న సంగతి ఈ ప్రాంతంలో చదువురాని వృద్ధులకు సైతం తెలుసు. ఎగువన కురియబోయే వర్షాన్ని ముందుగా లెక్కకట్టే వాతావరణ నమూనాలు అసంఖ్యాకమైన గణనలను అనేక ప్రాసెసర్లకు పంచి చేయిస్తాయి. వాటిలో పలు దేశాలలో వాడుకలో ఉన్న డబ్ల్యు.ఆర్.ఎఫ్. అనే నమూనా ప్రధానంగా ఫోర్ట్రాన్ భాషలో వ్రాయబడింది. ఇక్కడ చెప్పబోయే ఓపెన్ ఎం.పి. పద్ధతిలో కూడా దానిని నడుపవచ్చును. అట్టి ప్రోగ్రామును అనువదించే కంపైలరు ఒక కూడికలో తప్పు చేసిందనుకొందాం. యంత్రం ఆగదు, పొగ రాదు, గంట మ్రోగదు. ఒక సంఖ్య మాత్రం మారుతుంది.

ఇక సమాంతర గణనం అంటే ఏమిటో కొంత చెప్పుకోవలెను. ఒక పనిని ముక్కలు చేసి, ఒకే కాలంలో పలువురిచేత చేయించడమే దాని సారం. మన దేశంలో పుణేలోని సి-డాక్ సంస్థ 1991లో నిర్మించిన పరమ్ 8000 ఇట్టి యంత్రమే. ఆనాడు అది ప్రత్యేక ప్రయోగశాలలకే పరిమితం. నేడు మన జేబులోని ఫోనులో కూడా నాలుగు, ఎనిమిది కోర్లు ఉంటున్నవి. కానీ కోర్లు ఉన్నంత మాత్రాన పని తనంతట తాను విభజింపబడదు. విభజించుమని ప్రోగ్రాములో చెప్పవలెను. పూర్వం ఒక్కొక్క యంత్రం తయారుచేసే సంస్థ ఒక్కొక్క తీరున ఆ ఆదేశాలను ఏర్పరచినందున, ఒక యంత్రానికి వ్రాసిన ప్రోగ్రాము మరొక యంత్రానికి పనికివచ్చేది కాదు. ఈ చిక్కును తీర్చడానికి ఏర్పడిన ఉమ్మడి ప్రమాణమే ఓపెన్ ఎం.పి. ఫోర్ట్రాన్ భాషకు దాని మొదటి ప్రమాణ గ్రంథం 1997 అక్టోబరులో, సి భాషలకు 1998 అక్టోబరులో వెలువడినవి. జి.సి.సి. అనే సుప్రసిద్ధ ఉచిత కంపైలరు 2007లో వచ్చిన 4.2వ విడుదల నుండి దీనిని గ్రహించింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2000వ సంవత్సరంలో ప్రారంభమైన ఎల్.ఎల్.వి.ఎం. కుటుంబానికి చెందిన క్లాంగ్ కంపైలరు 2015లో ఇందులోని 3.1వ ప్రమాణాన్ని పూర్తిగా అందుకొన్నది. ప్రమాణం మాత్రం ఆగలేదు; 2008లో 3.0, 2013లో 4.0, 2018లో 5.0, 2024లో 6.0 వచ్చినవి. క్రొత్త ప్రమాణం వచ్చినప్పుడెల్లా కంపైలరులో క్రొత్త భాగాలు చేరుతవి. వాటితోపాటు క్రొత్త పరీక్షలూ చేరుతవి. కొన్ని పాత పరీక్షలు తప్పుతవి.

పరీక్ష అంటే తెలిసిన ప్రోగ్రాము, తెలిసిన జవాబు. ఇవి స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో ప్రోగ్రామును నడుపరు. కంపైలరు పుట్టించిన అనువాదాన్నే చదివి, అందులో ఉండవలసిన పంక్తులు ఉన్నవో లేవో చూస్తారు. ఎల్.ఎల్.వి.ఎం.లో ఈ పనికి ఫైల్‌చెక్ అనే చిన్న సాధనం ఉన్నది. రెండవ రకంలో ప్రోగ్రామును నడిపి, వచ్చిన జవాబును సరిచూస్తారు. మన తెలంగాణ పల్లెలలో సాక్షిని గవాయి అంటారు. అది ఉర్దూ విభాగపు మిత్రులు పలికే గవాహ్ అనే మాటే. పరీక్ష కూడా ఒక గవాయి. తప్పిన పరీక్ష 'ఇక్కడ ఏదో జరిగింది' అని మాత్రమే చెప్పగలదు. దోషి ఎవరో అది చెప్పదు. కంపైలరు దోషి కావచ్చును, సాక్షియే అబద్ధం చెప్పుచుండవచ్చును, లేక సాక్షి ప్రమాణ గ్రంథాన్ని అపార్థం చేసుకొని ఉండవచ్చును.

మూడవ సంగతి మిక్కిలి తరచుగా జరుగుతుంది గనుక దానినే ముందుగా తీసుకొందాం. పది సాళ్ళ పత్తి చేనిలో పత్తి ఏరడానికి నలుగురు కూలీలు వచ్చినారు. సమానంగా పంచుమని ఆసామి ఆజ్ఞ. పదిని నాలుగుతో భాగిస్తే నిశ్శేషంగా పోదు. మేస్త్రీ ఇద్దరికి మూడేసి సాళ్ళు, మిగిలిన ఇద్దరికి రెండేసి ఇవ్వవచ్చును. లేదా ముగ్గురికి మూడేసి ఇచ్చి, చివరి మనిషికి మిగిలిన ఒక్క సాలు వదలవచ్చును. రెండు పద్ధతులలోనూ చేను పూర్తి అవుతుంది. ఏ సాలూ రెండుసార్లు ఏరబడదు, ఏదీ మిగిలిపోదు. ఓపెన్ ఎం.పి.లో స్టాటిక్ పంపకం అనే ఆదేశం సరిగ్గా ఇటువంటిది. అక్కడ కూలీకి బదులు థ్రెడ్, సాలుకు బదులు లూపులోని ఒక ఆవృత్తి. ముక్క పరిమాణం చెప్పనపుడు ముక్కలు సుమారుగా సమానంగా ఉండవలెనని, ఒక్కొక్క థ్రెడ్‌కు ఒక్క ముక్కకు మించి ఇవ్వరాదని ప్రమాణం చెప్పుచున్నది. పైన చెప్పిన రెండు పంపకాలూ ప్రమాణానికి లోబడినవేనని దానిలోనే వివరణ ఉన్నది. ఇప్పుడు పరీక్ష వ్రాసినవాడు తన యంత్రంలో 3, 3, 2, 2 అని వచ్చినందున అదే సరైన జవాబని పరీక్షలో వ్రాసిపెట్టినాడనుకొందాం. మరొక కంపైలరు 3, 3, 3, 1 అని పంచగానే పరీక్ష తప్పుతుంది. కంపైలరు నిర్దోషి. ఇక్కడ సరిచేయవలసినది పరీక్షను. ఎట్లు సరిచేయవలెను? 3, 3, 3, 1 అని మార్చి వ్రాయడం మరొక అబద్ధం. ప్రతి ఆవృత్తి ఒక్కసారే జరిగిందా, ఏ ముక్క అయినా రెండు చోట్లకు చీలిందా అని అడుగవలెను. అనగా ప్రమాణం వాగ్దానం చేసినదానినే అడుగవలెను. వాగ్దానం చేయనిదానిని అడుగకూడదు.

'మొదటి థ్రెడ్, రెండవ థ్రెడ్' అని వరుసగా అచ్చుకావలెనని కోరే పరీక్షలు కూడా ఈ జాతివే. నలుగురు కూలీలలో ఎవరు ముందు గట్టుకు చేరుకొంటారో ఎవరు చెప్పగలరు? ఫైల్‌చెక్‌లో పంక్తులు ఏ వరుసలో వచ్చినా అంగీకరించే ప్రత్యేక సూచన ఉన్నది. వరుసతో నిమిత్తం లేనిచోట దానిని వాడితే చాలును.

ఇక నిజమైన దోషం ఎట్లుంటుందో చూద్దాం. వేసవిలో మన అడవులలో తునికాకు సేకరణ జరుగుతుంది. యాభై ఆకుల కట్టలను కల్లానికి తెస్తారు. కల్లేదారు పుస్తకంలో లెక్క వ్రాస్తాడు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు గుమాస్తాలు వ్రాస్తున్నారనుకోండి. పుస్తకంలో 400 కట్టలని ఉన్నది. ఒకడు 400 చూచి, 50 కలిపి, 450 అని వ్రాయబోతున్నాడు. అదే క్షణంలో రెండవవాడు కూడా పాత 400నే చూచి, తన 70 కలిపి, 470 అని వ్రాస్తాడు. చివరకు పుస్తకంలో 450 ఉంటుంది లేదా 470 ఉంటుంది. ఉండవలసిన 520 ఉండదు. ఒకరి శ్రమ లెక్కలోనుండి మాయమైపోయింది. ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు, ఎవరి కూడికలోనూ తప్పు లేదు. దీనినే డేటా రేస్ అంటారు. ఇద్దరూ వేర్వేరు వేళలలో వ్రాసిన రోజున లెక్క సరిగానే ఉంటుంది గనుక, వేయిసార్లలో తొమ్మిది వందల తొంభై తొమ్మిదిసార్లు పరీక్ష నెగ్గి, ఒక్కసారి తప్పవచ్చును. ఆ ఒక్కసారిని యంత్రపు చాపల్యమని కొట్టివేసి, మరల నడిపి, నెగ్గగానే తృప్తిపడేవారు అనేకులు. నా దృష్టిలో ఇంతకంటె ప్రమాదకరమైన అలవాటు మరొకటి లేదు.

దీనికి ఓపెన్ ఎం.పి. చూపిన పరిహారాలలో ముఖ్యమైనది రిడక్షన్. ప్రతి గుమాస్తాకు ఒక చిన్న చిట్టా ఇచ్చి, చివరకు చిట్టాలన్నింటిని పెద్ద పుస్తకంలో కలపడమే ఇందులోని ఉపాయం. కూడిక అయితే ప్రతి చిట్టా సున్నతో మొదలు కావలెను. గుణకారమైతే ఒకటితో మొదలు కావలెను. పెద్ద పుస్తకంలో ముందే ఉన్న మొత్తాన్ని కూడా మరువక చివరలో ఒక్కసారి కలుపవలెను. ఈ భాగాన్ని కంపైలరులో నిర్మించేటప్పుడు జరిగే తప్పులు ఎంత విలక్షణంగా ఉంటవో ఒక లెక్కతో చూపుతాను. పెద్ద పుస్తకంలో ముందు 100 ఉన్నది. 1 నుండి 10 వరకు కూడుమని నాలుగు థ్రెడ్లకు ఆజ్ఞ. ఆ కూడిక 55. కావున సరైన జవాబు 155. జవాబు 55 వచ్చిందంటే పాత మొత్తాన్ని కలపడం మరచినారన్నమాట. 555 వచ్చిందంటే ప్రతి చిట్టా సున్నకు బదులు 100తో మొదలైంది: నాలుగు వందలు, పాత వంద, 55. అదే తప్పుతోపాటు పాత మొత్తాన్ని కూడా విడిచిపెడితే 455. ఒకసారి 155, మరొకసారి 148, ఇంకొకసారి 151 వస్తే చిట్టాలు వేరుచేయబడలేదు, రేస్ జరుగుతున్నది. వైద్యుడు నాడి చూచి రోగం చెప్పినట్లు, తప్పు సంఖ్యను చూచి తప్పు జరిగిన చోటును చాలవరకు చెప్పవచ్చును.

ఇప్పుడు ఆ 100కు బదులు 0 పెట్టి చూడండి. పాత మొత్తాన్ని మరచినా 55, చిట్టాలను పాత మొత్తంతో మొదలుపెట్టినా 55, సరిగా చేసినా 55. పై మూడు దోషాలూ దాగిపోయినవి. కూడిక అనగానే సున్నతో మొదలుపెట్టడం మనకు అలవాటు గనుక ఇట్టి బలహీనమైన పరీక్షలు చేయి తిరిగినవారు కూడా వ్రాస్తూ ఉంటారు. తప్పిన పరీక్షను సరిచేసేవాడు దాని ప్రక్కన నెగ్గుతున్న పరీక్షలను కూడా ఒకసారి పరిశీలించవలెను. అవి ఎందుకు పట్టుకోలేకపోయినవో తెలిసికోవలెను.

దశాంశ సంఖ్యలతో మరొక చిక్కు ఉన్నది. నాలుగు అంకెలు మాత్రమే నిలుపుకొనగల యంత్రాన్ని ఊహించండి. 1000కి 0.4 కలిపితే 1000.4, నాలుగు అంకెలకు కుదిస్తే తిరిగి 1000. ఇట్లు మూడుసార్లు విడివిడిగా కలిపినా 1000గానే మిగులుతుంది. అదే మూడు 0.4లను ముందు కలిపితే 1.2, దానికి 1000 చేర్చితే 1001. కూడిక క్రమం మారితే ఫలితం మారింది! నిజమైన యంత్రాలు ఇంతకంటె అనేక అంకెలను నిలుపుకొంటవి గాని, స్వభావం ఇదే. థ్రెడ్లు ఏ క్రమంలో ముగిస్తే ఆ క్రమంలో చిట్టాలు కలుస్తవి గనుక చివరి అంకె రోజుకొక తీరున ఉండవచ్చును. ఇక్కడ అక్షరాలా అదే సంఖ్యను కోరడం పరీక్ష తప్పు. ఇంత తేడా వరకు అంగీకరిస్తామని ఒక హద్దు పెట్టవలెను. అయితే హద్దును ఇష్టానుసారం పెంచితే నిజమైన దోషాలు కూడా దాని చాటున దూరిపోతవి. ఎన్ని సంఖ్యలు కూడుతున్నాము, అవి ఎంతటివి అని లెక్కవేసి పెట్టవలసిన హద్దు అది.

అనువాదపు పంక్తులను చదివే మొదటి రకం పరీక్షలను గూర్చి చెప్పవలసినది స్వల్పం. ఎల్.ఎల్.వి.ఎం. తన అంతర్గత భాషలో పాయింటర్లను వ్రాసే తీరును మార్చి, 2022లో వెలువడిన 15వ విడుదల నుండి క్రొత్త తీరునే వాడుకగా పెట్టింది. ఆ మార్పుతో పాత తీరును కోరుతున్న పరీక్షలను పెద్దయెత్తున తిరిగి వ్రాయవలసి వచ్చింది. కంపైలరు చెడలేదు, వ్రాతతీరు మారింది, అంతే. ఇట్టివాటిని యంత్రసహాయంతో తిరిగి వ్రాయించే సాధనాలు ఉన్నవి. కానీ ఆ సాధనం ఏది వచ్చినా దానినే సరైన జవాబుగా వ్రాసిపెడుతుంది; నడుమ ఒక నిజమైన దోషం ఉంటే దానికి కూడా ముద్ర వేస్తుంది. కావున తిరిగి వ్రాసిన ప్రతి పరీక్షను మనుష్యుడు చదివి తీరవలెను.

పరీక్ష తప్పినదని తెలియగానే చేయవలసిన మొదటి పని దానిని ఒంటరిగా, అనేకమార్లు నడిపి చూడడం. థ్రెడ్ల సంఖ్యను ఒకటి, రెండు, నాలుగు, పదహారు అని మార్చి నడుపవలెను. ఒక్క థ్రెడ్‌తో ఎల్లప్పుడూ నెగ్గి, హెచ్చు థ్రెడ్లతో అప్పుడప్పుడు తప్పితే అనుమానం ఎటు పోవలెనో స్పష్టం. పిదప ఏ మార్పు వల్ల ఇది మొదలైనదో వెదకవలెను. నిన్నటి మంచి కూర్పుకు, నేటి చెడ్డ కూర్పుకు మధ్య వేయి మార్పులున్నా భయపడనక్కరలేదు. నడిమి మార్పు వద్ద పరీక్షిస్తే సగం తొలగిపోతవి. మిగిలిన సగంలో మరల నడిమిది. రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1024 గనుక పది పరీక్షలతో దోషి దొరుకుతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన ఘాతాంకాలు ఇంతగా ఉపకరించే చోటు మరొకటి నాకు తోచదు. ఈ వెదకులాటకు గిట్ బైసెక్ట్ అని పేరు. తరువాత తప్పిన ప్రోగ్రామును కత్తిరించవలెను: ఈ పంక్తి తీసివేసినా తప్పుతుందా, ఆ పంక్తి తీసివేసినా తప్పుతుందా అని చూస్తూ, వంద పంక్తులను పదికి తేవలెను. పది పంక్తులలో దోషం దాగడానికి చోటు ఉండదు. ఆ పది పంక్తులను ప్రమాణ గ్రంథం ప్రక్కన పెట్టుకొని చదివిన మీదటనే కంపైలరుపై చేయి వేయవలెను.

చాలా పరీక్షాసముదాయాలలో 'ఇది తప్పుతుందని మాకు తెలుసు' అని గుర్తుపెట్టే వెసులుబాటు ఉన్నది. దానిని ఎక్స్‌ఫెయిల్ అంటారు. అది సద్వినియోగమైతే మంచిదే. తెలిసిన దోషం లెక్కలో ఉంటుంది, ఎవరో సరిచేసిననాడు పరీక్ష అనుకోకుండా నెగ్గి ఆ సంగతిని చాటుతుంది. కానీ విడుదల గడువు దగ్గరపడినపుడు ఆ గుర్తు సాక్షి నోట గుడ్డ కుక్కడానికి కూడా ఉపయోగపడుతుంది. కారణం వ్రాయకుండా ఆ గుర్తు పెట్టడాన్ని నేను సమర్థించను. ఎల్.ఎల్.వి.ఎం. బృందంలో ఒక కట్టుబాటు ఉన్నది: ఒక మార్పు పరీక్షలను తప్పించి, వెంటనే సరిచేయడానికి వీలుకానపుడు ముందు ఆ మార్పును వెనుకకు తీసికోవడం, తీరికగా సరిచేసి మరల చేర్చడం. వెనుకకు తీసికోవడాన్ని అక్కడ అవమానంగా భావించరు. పరీక్షను చెరిపివేయడం కంటె ఇది ఎంతో మేలైన దారి.

నడిపి చూచే పరీక్ష ఎన్నిసార్లు నెగ్గినా రేస్ లేదని రుజువు కాదు అన్నాము కదా. మరి నడుపకుండానే తేల్చడం సాధ్యమా? ఈ ప్రశ్నపై మన రాష్ట్రంలోనే విలువైన కృషి జరిగింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో ఆచార్య రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్.ఎల్.వి.ఎం. ఆధారంగా ఎల్.ఎల్.ఓ.వి. అనే సాధనాన్ని నిర్మించింది. దానిపై వ్యాసం 2020లో ఒక అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. ప్రోగ్రామును నడుపకుండా, లూపులలో ఏ థ్రెడ్ ఏ స్థానాన్ని చదువుతుందో, ఏ స్థానంలో వ్రాస్తుందో గణితరీత్యా విచారించి, రేస్ ఉన్నదని గాని, తన పరిధిలోనికి వచ్చిన ప్రోగ్రాములలో అసలు లేదని గాని చెప్పడం దాని పని. అది కంపైలరు అంతర్గత భాషపై పనిచేస్తుంది గనుక సి భాషకు, ఫోర్ట్రాన్‌కు రెండింటికీ వర్తిస్తుంది. ఇటువంటి సాధనాలకు కూడా పరీక్ష కావలెను కదా! అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలవారు 2017లో డేటారేస్‌బెంచ్ అనే చిన్న ప్రోగ్రాముల సంకలనాన్ని ప్రకటించినారు. అందులో ప్రతి ప్రోగ్రాము పేరు చివరనే రేస్ ఉన్నదో లేదో, 'ఎస్' అని గాని 'నో' అని గాని వ్రాసి ఉంటుంది. సాధనం జవాబును ఆ మాటతో పోల్చి చూడడమే. తెలిసి తెలిసి తప్పుగా వ్రాసిన ప్రోగ్రాములకు ఇంతటి గౌరవం దక్కడం చూస్తే ముచ్చట వేస్తుంది.

విద్యార్థుల అభ్యాసం కొరకు ఒక ప్రశ్న ఇస్తున్నాను. ప్రారంభ విలువ 2. దానిని నాలుగు థ్రెడ్లతో, రిడక్షన్ పద్ధతిలో, 1 నుండి 5 వరకు ఉన్న సంఖ్యలచేత గుణించవలెను. సరైన జవాబు 240. ఒక కంపైలరుతో 120 వచ్చింది. రెండవదానితో 0 వచ్చింది. మూడవదానితో 3840 వచ్చింది. నాలుగవదానితో చాలాసార్లు 240 వచ్చి, ఒకసారి మాత్రం 48 వచ్చింది. ఈ నలుగురిలో ఎవరు ఏ తప్పు చేసినారు? ప్రారంభ విలువ 1 అయి ఉంటే వీరిలో ఎవరెవరు పట్టుబడకుండా తప్పించుకొనేవారు?